కోడల్ని "మీరు" అన్న దినం

"అమ్మమ్మా, మామ నీతోని ఎందుకు మాట్లాడ్తలేడు? పొద్దటిసంది చూస్తున్న. ఒక్క ఇంట్ల ఉండి ఎడమొగం పెడమొగమాయె. అసలేమైంది?"

కనిపెట్టినవా? వికారాబాద్‌ల బస్సెక్కి వచ్చి దినం గాలే, అప్పుడే కనిపెట్టినవ్. మీ అమ్మ గూడ గంతే. చిన్నప్పుడు ఇంట్ల ఎవరు ఎవరి మీద అలిగిండ్రో కంచంల మిగిలిన బువ్వ చూసి చెప్తుండె. కూసో బిడ్డ. నా మాట ఫోన్ల పట్టుకుంటవా? పట్టుకో, నాకేం భయం. ముచ్చట దాసుడు కాడనే గదా గీ లొల్లంత పుట్టింది. జర గా తలుపు బార్ల తియ్యి, బయటి సప్పుడు ఇనవడాలె నాకు. ఏమన్న ఇనొస్తుందా? మనుషులు నడిసినట్టు? లేదా... సరే తీ. పొద్దింక ఉన్నది. గొర్లు గూడ రాలేదింక.

ఏడికెల్లి చెప్పాలె? ఎన్నికల కాడికెల్లే చెప్త. మన ఊరి సర్పంచ్ కుర్సీ ఈసారి ఆడోల్లకు వచ్చిందని తెల్వంగనే మీ మల్లేశ్ మామ మొగం మాడిపోయింది. ఎన్నేండ్లసంది ఆశ వానికి. తెల్లంగీలు గూడ కుట్టిచ్చుకున్నడు. బువ్వ సరిగ తినలే, ఎవ్వరితోని సరిగ మాట్లాడలే. మల్ల ఒకనాడు నవ్వుకుంట వచ్చి, "అమ్మా, సుజాతను నిలబెడ్త" అన్నడు. మీ అత్తేమో పొయ్యి కాడ జొన్నరొట్టెలు చేస్తున్నది. దాన్ని అడిగిండా అంటె అడగలే. అది ఒకపారి మా దిక్కు చూసింది, మల్ల పెనం మీద రొట్టె తిప్పింది. గంతే ముచ్చట. నేను గూడ మస్తు సంబురపడ్డ, అబద్ధమెందుకు. మా కురుమోల్ల ఇంట్ల సర్పంచ్ పుడుతదని ఎవరనుకున్నరు? మా నాయిన ఉంటె ఏడ్సేటోడు సంబురంతోని.

మా నాయినను నువ్వు చూడలే. మీ అమ్మ గూడ సరిగ చూడలే, అది పాలు తాగే పిల్లప్పుడే పోయిండు. గొర్ల ఎనక తిరిగి తిరిగి అనంతగిరి గుట్టలల్ల ప్రతి బండ తెలుసు ఆయనకు. ఎండకాలం వచ్చిందంటె మందను గా గుట్టలకు తోల్కపోతుండె, వానలు పడ్డంకనే మల్ల ఇల్లు చూసేది. గప్పుడు గొర్రెపిల్ల ఇరవై రూపాలకొస్తుండె, ఇయ్యాల గా పైసలకు రెండు చాయలే వస్తయ్... ఏం జెప్తున్న? ఆఁ, మా నాయిన. ఏడ మేపాలె, ఏడ మేపొద్దు, ఏ గుట్టకు పుల్లరి ఎంత గట్టాలె, అంత పటేల్ ఇంట్లనే తేలుస్తుండిరి. లోపల పటేల్, ఇంకిద్దరు ముగ్గురు పెద్దోల్లు. బయట వాకిట్ల మావోల్లు చెప్పులు ఇడిసి, ఎండల నిలవడేటోల్లు. లోపల ఏమనుకున్నరో ఎవ్వరికి తెల్వది. జీతగాడొచ్చి, "ఇగో, రేపటిసంది గా గుట్ట మీదికి పోవద్దంట" అని చెప్తె, మావోల్లు తలకాయ ఊపి ఎల్లొచ్చేటోల్లు. ఒకపారి నేను మా నాయిన ఏలు పట్టుకోని పోయిన. "ఎందుకు పోవద్దు నాయినా?" అని అడిగిన. నోరు మూసిండు నాది, గట్టిగ. ఇంటికొచ్చినంక గూడ చెప్పలే. చెప్పెటందుకు ఆయనకు గూడ తెల్వకపాయె గదా.

ఆగు... ఎవరన్న పోయిండ్రా? నీడ వడ్డట్టనిపిచ్చింది. కోడా? సరే సరే.

నాకు కూసో బుద్ధైతలేదు బిడ్డ, నువ్వేమనుకోకు. నిలవడి చెప్త.

ఎన్నికలల్ల నేను గూడ తిరిగిన. కోడలు ముంగట, నేను ఎనక, గల్లీ గల్లీ తిరిగినం. అది కొత్త మనిషి, నోరు లెవ్వకపాయె. నేనే మాట్లాడిన. "ఓటెయ్యుండ్రి, మా ఇంట్ల సర్పంచ్ అయితె మీ ఇంట్ల అయినట్టే. ఏ పని జేసినా మిమ్ముల అడిగే చేస్తం, దాసి జెయ్యం" అన్న. చేతులు పట్టుకోని చెప్పిన బిడ్డ, గుడ్డి రాములమ్మ చేతులు గూడ పట్టుకోని చెప్పిన. పార్టీలోల్లు చెప్పేటియ్యి నేను చెప్పలే, నాకు తోచిందే చెప్పిన. జనం నమ్మిండ్రు. గెలిసినం. రంగులు చల్లుకున్నరు, మీ మామను భుజాల మీద ఎత్తుకున్నరు. సర్పంచైన మనిషేమో ఇంట్ల వచ్చినోల్లకు చాయ పోస్తున్నది.

ఇగ చూడు సోకు. మన వాకిట్ల ప్లాస్టిక్ కుర్సీలొచ్చినయ్. మీ మామ నడిమిట్ల, చుట్టు నలుగురు. ఎవ్వలొచ్చినా, "సర్పంచ్ సాబ్ ఉన్నడా?" సాబ్ అంటె వీడే. ఫోను వీనిదే, ముచ్చట వీనిదే. సంతకం కావాలంటె లోపటికి చూసి, "సుజాతా!" అని పిలుస్తడు. అది చేతికంటిన పిండి కొంగుకు తుడుసుకుంట వస్తది, చేస్తది, పోతది. ఒకనాడు ముసలాయన ఒకాయన పింఛిని ముచ్చట అడుగ వచ్చి, గేటు కాడ చెప్పులు ఇడిసి ఎండల నిలవడ్డడు. నేను చూసిన. కాళ్లు కాలుతున్నయ్ ఆయనకు, ఒక్కొక్క కాలు ఎత్తి ఎత్తి పెడుతున్నడు. నా పానం ఎట్లనో అయిపాయె. పోయి, "చెప్పులేసుకోని లోపటికి రా తమ్మీ, గిది పటేల్ ఇల్లు గాదు" అన్న. మీ మామ నా దిక్కు కోపంగ చూసిండు, మల్ల ఫోన్ల పడ్డడు.

గట్ల నడుస్తుండంగ, ఒకనాడు పొద్దటి ఎండల నేను గొర్రెపిల్లల మందను తోల్కోని వాగొడ్డు బీడుకు పోయిన. నీకు తెలుసు గదా గా బీడు, చిన్నప్పుడు పరికిపండ్లకు పోతుంటిరి. మన వాగు ఆడికెల్లే తిరిగి పోయి కాగ్న నదిల కలుస్తది. ఊల్లె ఉన్న గొర్లన్నీ మిట్టమధ్యానం ఆడనే నీల్లు తాగి, ఆడనే పండుతయ్. పోయి చూస్తె ముగ్గుపిండితోని గీతలు కొట్టున్నయ్, నాలుగు మూలలకు కట్టెలు పాతున్నయ్. ఒక ట్రాక్టరు నిలవడ్డది. దాని మీద ఉన్న పిల్లగాడు కన్నడపోడు, బషీరాబాద్ అవతలోడు. "ఏందిది నాయినా?" అంటె, "గొత్తిల్లమ్మా" అన్నడు. తెల్వదంట. మల్ల మెల్లగ తెలుగుల చెప్పిండు. తాండూరు బండలు నున్నగ జేసే మిషన్ల కాడ తెల్ల బురద ఎల్తది చూడు, గది తెచ్చి ఈడ పోస్తరంట. "ఎవరు చెప్పిండ్రు?" అన్న. "సర్పంచ్ సాబ్."

"సర్పంచ్ సాబ్ ఎవడురా? సర్పంచ్ మా కోడలు, దాని పేరు సుజాత" అన్న. వాడు నవ్విండు. నవ్వాల్సిన ముచ్చటనే.

గా తెల్ల బురద ఎండితె పిండి లెక్క లేస్తది బిడ్డ. కరణ్‌కోట దిక్కు పోయొచ్చేటోల్లను అడుగు, చెట్ల ఆకులు గూడ తెల్లగుంటయ్ అంటరు. గడ్డి మీద పడ్డదంటె గొర్రె మూతి పెట్టది. వాగుల కలిసిందంటె నీల్లు తాగది. మల్ల మంద యాడికి పోవాలె?

ఇంటికొచ్చి ముందుగాల కోడల్ని అడిగిన. "నాకు తెల్వదత్తా. ఎల్లుండి గ్రామసభ ఉన్నదంట, ఆడ చెయ్యెత్తాల్నంట, గంతే చెప్పిండు" అన్నది. కండ్లల్ల నీల్లు తిరిగినయ్ దానికి. కోపమో సిగ్గో నాకు సమజ్ గాలే.

బువ్వకాడ కొడుకును అడిగిన. వాడు చెడ్డోడు గాదు, మీ మామ. ఒకడి సొమ్ము తినేటోడు గాదు, గది నా కడుపు మీద చెయ్యేసుకోని చెప్త. "అమ్మా, బండలోల్లు ఊల్లె నుంచి వాగు దాక సీసీ రోడ్డు ఏస్తమన్నరు. ఉత్తగ పడున్న బీడు. మనకేం నష్టం?" అన్నడు. "మంచిపనే అయితె దాసుడెందుకు?" అన్న. "దాస్తలేనే, గ్రామసభ పెడుతున్న గదా. అందర్నీ ముందే అడుగుకుంట పోతె ఒకడు ఔనంటడు, ఒకడు కాదంటడు, పని గాదు" అన్నడు. "సభ ఎన్నడు, ఏ యాల్లకు?" అన్న. ఎల్లుండి పదకొండు గంటలకంట. గప్పుడు ఊల్లె ఎవరుంటరు? కందిచేన్లు కోతకొచ్చినయ్, ఆడోల్లంత చేన్లల్ల. మొగోల్లు గొర్ల ఎనక. ఉండేది ముసలోల్లు, కుక్కలు. దండోర గూడ ఏపిచ్చిండు, ఏపియ్యలేదని అనొద్దు. మధ్యానం ఏపిచ్చిండు. ఖాళీ ఇండ్లకు ఇనవడ్డది డప్పు.

నాకు గా రాత్రి నిద్ర లేదు. పొద్దుగాల లేసి ఇల్లిల్లు తిరిగిన. "రేపు చేన్లకు పోకుండ్రి, సభకు రాండ్రి, వాగొడ్డు బీడు ముచ్చట ఉన్నది" అని చెప్పుకుంట పోయిన. ఏమన్నరనుకున్నవ్? ఎవ్వరు భయపడలే, ఎవ్వరు కోపం జెయ్యలే. నవ్విండ్రు! "మనోడే గదా వదినె, వాడు మనకు చెడుపు చేస్తడా?" అని ఒకామె. గొర్ల కాడ బతికినోల్లం బిడ్డ, ముందటి గొర్రె వాగుల దిగితె ఎనకటియ్యి నీల్లు ఎంత లోతున్నయో చూస్తయా? దిగుడే. మావోల్లు గూడ గంతే. పరాయోడు సర్పంచ్ ఉన్నప్పుడు ప్రతిదానికి లొల్లి జేసిండ్రు. మనోడు రాంగనే అడుగుడు బంద్ జేసిండ్రు. అడుగుతె తప్పు అన్నట్టు.

ఇంకో మాట గూడ అన్నరు. గది మస్తు నొచ్చింది నాకు. బాలమణి లేదా, మన ఎనక ఇల్లు? చేటల బియ్యం చెరుగుకుంట, తల గూడ ఎత్తకుండ, "కోడలు సర్పంచైతె అత్తకు కడుపుమంట ఉండదా ఏంది? మీ ఇంటి పంచాయితీ ఊరి మీదికి తేకు కొమురక్కా" అన్నది. అంటె నేను కోడలి మీద కచ్చతోని తిరుగుతున్ననంట! ఏం జెప్పినా గదే అనుకుంటరు గదా ఇగ. బీడు పాయె, గొర్లు పాయె, అత్తాకోడండ్ల కొట్లాట మిగిలె. ఇంటికొచ్చి దొడ్లె కూసోని ఏడ్సిన, నీకే చెప్తున్న.

నీల్లు ఇయ్యి జర. గొంతు ఎండింది... అగో, గవి మన గొర్లేనా? మెడ గంటలు? కాదు, గవి పై గల్లీ వోల్లయి. అయినా వస్తున్నయ్ అంటె పొద్దు దిగింది. ఇగ జనం రావాలె మరి.

ఏడికొచ్చిన? సభ. సభకు నేను పోయిన. ఉతికిన చీర కట్టుకోని పోయిన. పోయేటప్పుడే ఒకటి అనుకున్న, అత్త లెక్క మాట్లాడొద్దు, అత్త మాట రానియ్యొద్దు. పంచాయతి ఆఫీసుల ఎవరున్నరు? మీ మామ చుట్టు తిరిగే నలుగురు, పింఛిని ముసలోల్లు కొందరు, గంతే. బాలమణి గూడ వచ్చింది, తమాష చూసెటందుకు. మీ అత్త కుర్సీల, తల మీద కొంగు. మీ మామ కుర్సీ ఎనక నిలవడ్డడు. సెక్రెటరీ పిల్ల, కొత్తగొచ్చిన ఆమె, ఏందేందో గడగడ చదివి, "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగింది. నేను లేసిన. మా నాయిన మల్ల నా నోరు మూసినట్టే అనిపిచ్చింది బిడ్డ.

మీ మామ ఎంబడే, "అమ్మా, ఇంటికాడ మాట్లాడుకుందాం" అన్నడు. మంచిగనే అన్నడు.

"ఇంటికాడ మాట్లాడుకునుడే వద్దంటున్న. ఇంట్ల నువ్వు నా కొడుకువు. ఈడ నేను ఊరిదాన్ని" అన్న.

మల్ల కోడలి దిక్కు తిరిగి రెండు చేతులు జోడిచ్చిన. "సర్పంచ్ గారూ," అన్న. జనం గుసగుస ఆపిండ్రు. పెండ్లయిన కాడికెల్లి దాన్ని 'ఒసే సుజాతా' అనేదాన్ని నేను. "సర్పంచ్ గారూ, వాగొడ్డు బీడు మీద ఏం పోస్తున్నరు, ఎందుకు పోస్తున్నరు, గది మీరు మాకు చెప్పాలె. మీకు ఓటేసినం. మీరు అడిగి చేస్తమన్నరు." బాలమణి నోరు తెరిసింది తెరిసినట్టే ఉన్నది. మీ అత్త చెయ్యి కుర్సీ చెయ్యిని గట్టిగ పట్టుకున్నది. మీ మామ, "గది ఏందంటె..." అని మొదలుపెట్టిండు. "నిన్ను గాదు అడిగింది. నువ్వు సర్పంచ్‌వి కాదు" అన్న.

మీ అత్త ఏం జెయ్యాలె, మొగని మాట కాదనాల్నా, అత్త మాట కాదనాల్నా? నేనే దాన్ని ఇరుకుల పెట్టిననిపిచ్చింది. లేసి నిలవడ్డది. కొంగు జారింది, సదురుకోలే.

"నాకు తెల్వది" అన్నది.

గట్టిగనే అన్నది. "గా బీడు ముచ్చట నాకు ఎవ్వరు చెప్పలే, నేను గూడ అడగలే. తెల్వని దానికి నేను చెయ్యెత్త. సభ ఇయ్యాల కాదు. గొర్లు ఇంటికొచ్చినంక, చేన్లోల్లు వచ్చినంక, గా బీడు కాడనే పెడ్త. బండలోల్లు గూడ వచ్చి అందరి ముంగట చెప్పాలె." సెక్రెటరీ పిల్ల రాసుకుంట నవ్వింది. సర్పంచ్ అయ్యి కుర్సీల కూసున్నోల్లు తెల్వది అని చెప్పుడు నేను ఎన్నడు ఇనలే బిడ్డ. అన్నీ తెలుసు అనేటోల్లనే చూసిన ఇన్నొద్దులు. గా ఒక్క మాటకు దాని కాళ్లకు మొక్కాలనిపిచ్చింది నాకు. మొక్కలే, అత్తను గదా, ఆగిన.

గాయాల్టిసంది మీ మామ నాతోని మాట్లాడ్తలేడు. అత్తతోని గూడ ముక్తసరిగనే. బువ్వ పెడితె తింటడు, పోతడు. నా కొడుకు గదా, బాధ అయితది. ఊరి ముంగట చిన్నగ చేసిన వాన్ని. చెయ్యక తప్పిందా? తప్పలే. అయినా బాధ బాధనే.

ఇగ గా సభ ఇయ్యాలనే. అందుకే నాకు కూసో బుద్ధైతలేదు. పొద్దటిసంది మీ అత్త డప్పాయన ఎంబడి తానే తిరిగింది, చేన్లకు గూడ పోయి చెప్పొచ్చింది. ఎవ్వరు రాకపోతె? "చూసినవా, జనానికే అక్కెర లేదు" అంటడు మీ మామ. అనాల్సిందే. మల్ల పదకొండు గంటల సభలే గతి. ఇంకో ఫికర్ గూడ ఉన్నది నాకు. అందరొచ్చి, రోడ్డే కావాలె, బురద పోసుకోనియ్యుండ్రి అంటె? అనొచ్చు. రోడ్డు లేక వానల మస్తు తిప్పలున్నయ్, గర్భిణి ఆడోల్లను మంచం మీద మోస్తున్నరు. గది గూడ ఒక ముచ్చటనే గదా. అట్లనే అంటె నా మంద ఏడికి పోవాల్నో నాకు తెల్వది. ఏడుస్త, కొట్లాడుత, గాని ఒప్పుకుంట. అందరు ఇని, అందరు అన్న మాట అయితె ఒప్పుకోవాలె. ఎవ్వరికి చెప్పకుండ పోస్తె మాత్రం... గా ట్రాక్టరుకు అడ్డం పండుత నేను, చూస్తుండు.

సప్పుడైతుంది. ఇగో, ఇది మన గేటే. ఎవరూ? మల్లేశా?

"అమ్మా."

ఏందిరా. చెప్పు.

"ఇంట్ల గొంగళ్లు ఎన్నున్నయ్? అన్నీ ఇయ్యి జల్ది. ఆడ కూసోనికి జాగ సాల్తలేదు. పంచాయతి సాపలన్నీ అయిపోయినయ్, జనం ఇంక వస్తనే ఉన్నరు. సుజాత అడుగుమన్నది."

...ఇస్తరా. ఇస్త నాయినా. నీ ఎనక సందుక మీద ఉన్నయ్, తీస్కో, మీ నాయిన గుర్తని ఉంచుకున్నది గూడ తీస్కో. పైలంగ పోరా.

ఇన్నవా బిడ్డ? మాట్లాడిండు. అడిగింది గొంగళ్లే గాని మాట్లాడిండు. నా కట్టె ఏది? ఆ మూలకు... తే. ఫోను బంద్ జెయ్యి, లేదంటె జేబుల ఏసుకో, నువ్వు గూడ రా. ఎనక కూసో, ఫరవాలేదు, గాని అర్థం గాంది ఉంటె లేసి అడుగు. సిగ్గు పడకు. నీ నోరు సల్లగుండాలె, నీ మాటకు ఎన్నడు ఎవ్వరు అడ్డం రావద్దు. పెద్ద సదువు సదివి, మంచి... నడువు నడువు, ఆశీర్వాదం దార్ల ఇస్త, మొదలుపెడ్తరు ఆడ...